కడపకు కుడి కాలు, మలుపుకు ఎడమ కాలు

మీ దగ్గరకు పరుగు నేర్చుకుందామని వచ్చిన పిల్ల ఏ కాలు ముందు వెయ్యాలో నిర్ణయించే అధికారం మీకు ఎవరిచ్చారు? కోచింగ్ సర్టిఫికెట్ ఇచ్చిందా, పంచాంగం ఇచ్చిందా?

కొత్తగా కోచ్ ఉద్యోగాల్లో చేరుతున్న వాళ్లను అడుగుతున్నాను. నేను చాలాకాలం హర్డిల్స్ పరిగెత్తాను. రాష్ట్ర ఛాంపియన్‌నయ్యాను, జాతీయ పోటీల్లోనూ గెలిచాను. ఆ తర్వాత నిజామాబాద్‌లో కోచ్‌గా పనిచేసి రిటైరయ్యాను. పతకాల గురించి, ప్రమోషన్ల గురించి రాయను. అవి చదివి ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఒక మాట గురించి, ఒక పిల్ల గురించి రాస్తాను.

చెరుకు గడలు

మాది బోధన్ దగ్గర నిజాంసాగర్ కాలువ కింద భూమి కొనుక్కుని స్థిరపడిన కోస్తా రైతు కుటుంబం. మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు నర్సింగ్ సార్ ఇక్కడి మనిషే. స్కూలుకు ఇనుప హర్డిల్స్ కొనే స్తోమత లేదు. చెరుకు బండ్లు తిరిగి తిరిగి గట్టిపడిన నేల మీద ఆయన అటూ ఇటూ ఇటుకలు పేర్చి, వాటి మీద చెరుకు గడ అడ్డంగా పెట్టేవారు. కాలు తగిలితే గడ కింద పడేది, మోకాలు పదిలంగా ఉండేది. ప్రాక్టీసు అయిపోయాక ఆ హర్డిల్స్‌ను విరుచుకుని తినేవాళ్లం. మర్నాడు పొద్దున సార్ వరస చూసి, "ఒక హర్డిలు తక్కువున్నది. ఎవరి కడుపుల ఉన్నది?" అని అడిగేవారు.

హర్డిల్స్ అంటే దూకడం అనుకుంటారు. కాదు, అది పరుగే. గాలిలో ఎంతసేపు ఉంటే అంత ఓడిపోతాం. అడ్డం మీదుగా మొదట వెళ్లే కాలును ముందుకాలు అంటాం. కొందరికి కుడిచేతి వాటం, కొందరికి ఎడమచేతి వాటం ఉన్నట్టే ముందుకాలు కూడా ఒక్కొక్కరికి ఒకటి పుట్టుకతో వస్తుంది. కోచ్ దాన్ని కనిపెట్టాలి, దానికి పదును పెట్టాలి.

నా పోటీ నాలుగు వందల మీటర్ల హర్డిల్స్. అందులో ట్రాక్ చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరగాలి. ట్రాక్ ఎప్పుడూ ఎడమ వైపుకే తిరుగుతుంది. కాబట్టి మలుపులో మనిషి ఎడమ పక్కకు వాలుతాడు. ముందుకాలు ఎడమదైతే లోపలి గీతను అంటిపెట్టుకుని హాయిగా పోవచ్చు. కుడిదైతే వెనక నుంచి వచ్చే ఎడమ కాలు హర్డిల్ పక్కనుంచి జారకుండా కొంచెం బయటికి జరగాలి. ప్రతి మలుపులోనూ కాస్త దూరం నష్టం. అందుకే ఎడమ ముందుకాలు ఉన్న పిల్ల దొరికితే ఈ పోటీ తెలిసిన ఏ కోచైనా సంతోషిస్తాడు.

ఇది శరీరం, ట్రాక్ కలిసి తేల్చుకున్న సంగతి. ఇందులో శుభం, అశుభం ఎక్కడా లేవు.

ఒక మాట చేసిన మేలు

నర్సింగ్ సార్‌ను తక్కువ చేసి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నాకు పరుగు నేర్పింది ఆయనే. ఆ రోజుల్లో ఆడపిల్ల కాస్త ఎదగగానే గ్రౌండు మాన్పించేవాళ్లు. సార్ ఇల్లిల్లూ తిరిగి బతిమాలేవారు. మా ఇంటికి వచ్చినప్పుడు మా నాయనమ్మ వసారాలో మంచం మీద కూర్చుని ఉంది.

"ఆడపిల్ల అంతమంది ముందు కాళ్లెత్తి దూకడమేంటండీ మాస్టారూ?" అంది.

సార్ అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పారు. "దుంకుడు కాదు అవ్వా. గవి కడపలు. నీ మనుమరాలు పది కడపలు దాటుతది, గంతే."

ఇక్కడి వాళ్లు గడపను కడప అంటారు. మా నాయనమ్మకు గడప మీద కూర్చున్నవాళ్లన్నా, తొక్కినవాళ్లన్నా ఒళ్లు మండిపోయేది.

"ఏ కాలు ముందు పెడుతుంది?" అని అడిగింది.

"కుడి కాలే అవ్వా. ఎడమ కాలు ఎట్ల పెడ్తది?"

"అయితే సరే" అంది నాయనమ్మ. నా జీవితం ఆ రెండు మాటలతో మొదలైంది.

ఆ కిటుకు పనిచేసిందని సార్‌కు అర్థమైంది. బోధన్‌లో, ఎడపల్లిలో, చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి ఇంట్లోనూ ఇదే చెప్పారు. అవి కడపలని, పిల్లలు కుడి కాలుతోనే దాటుతారని. హర్డిల్ అనే మాటకు భయపడిన తల్లులు కడప అనే మాటకు తలూపారు. కొన్నాళ్లకు మా గ్రౌండులో హర్డిల్ అన్నవాళ్లే లేకుండా పోయారు. "మూడో కడప కాడ అడుగు తప్పినవ్" అని పిల్లలు ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకునేవారు. మాట వచ్చాక దాని వెనక ఆచారమూ వచ్చింది. పోటీ రోజున మొదటి హర్డిల్‌కు పసుపు, కుంకుమ. గ్రౌండు నియమం ఒకటే, కుడి కాలు ముందు.

మా తాత ప్రతి ఆదివారం గ్రంథాలయంలో సంఘ సంస్కరణ చర్చలు నడిపేవాడు. అక్కడ ఒక నియమం ఉండేది. ఎదుటివాడి వాదాన్ని వాడి కంటే బాగా చెప్పగలిగితేనే దాన్ని ఖండించే హక్కు దొరికేది. ఆ నియమం ప్రకారం సార్ వాదం నేనే చెబుతాను. ఆ రోజు ఆయన నాయనమ్మతో మూఢనమ్మకాల మీద వాదనకు దిగి ఉంటే నేను వంటింట్లోనే ఉండిపోయేదాన్ని. ఒక చిన్న అబద్ధంతో ఎందరో పిల్లలు బయటి గాలి పీల్చారు. ఆచారాన్ని ఎదిరించడానికి తరాలు పడుతుంది. పిల్ల వయసు అంతకాలం ఆగదు. ఈ వాదం బలహీనమైనదని నేను ఏ రోజూ అనుకోలేదు. అయినా అది తప్పు. ఎందుకు తప్పో ముందుకు వెళితే తెలుస్తుంది.

నాకు పుట్టుకతోనే కుడి ముందుకాలు. కాబట్టి ఆ నియమం నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. గెలుస్తూ పోయాను. నేను గెలిచిన ప్రతిసారీ గ్రౌండులో కుడి కాలు మహిమ కాస్త పెరిగింది. ఒకసారి సార్‌తో అన్నాను. "గుడి చుట్టూ మనం కుడి వైపుకు తిరుగుతాం. ట్రాక్ మీద ఎడమ వైపుకు తిరుగుతాం. అంటే ఇన్నేళ్లూ నేను చేసినవన్నీ అప్రదక్షిణాలే. మరి దోషం నాకెందుకు తగల్లేదు సార్?"

ఆయన పకపకా నవ్వారు. "గా గీతలు గీసినోళ్లకు తగుల్తది బిడ్డా, మనకెందుకు తగుల్తది?"

ఆ నవ్వులో నేనూ కలిశాను. అప్పటికి అది నవ్వుకునే విషయమే.

రజిత

నేను కోచ్‌గా నిజామాబాద్ వచ్చేనాటికి సార్ రిటైరై ఆ ఊళ్లోనే ఉంటున్నారు. రోజూ పొద్దున్నే మా గ్రౌండుకు వచ్చేవారు. కాగితాల మీద కోచ్‌ని నేనే అయినా తల్లిదండ్రులకు మాత్రం ఆయన మాటే మాట.

రజితను మొదట ఎడపల్లి స్కూలు ఆటల పోటీల్లో చూశాను. పరుగు అయ్యాక ఇంటికి పోతూ పొలంలో నీళ్ల కాలువ దాటింది. పక్కనున్న పిల్లలు ఆగి, కొలుచుకుని దూకారు. ఈ పిల్ల ఆగనే లేదు. ఆ కాలువ అక్కడ లేనట్టే, నడకలో తేడా లేకుండా ఎడమ కాలు ముందు వేసి దాటిపోయింది. వెనక్కి పిలిచి, "ఇంకోసారి దాటవే" అన్నాను. మళ్లీ ఎడమ కాలే. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషం కలిగిన రోజు మరొకటి లేదు.

తండ్రి గంగారాం పసుపు, వరి పండించే రైతు. మంచి మనిషి. సార్ వెళ్లి ఎప్పటిలాగే కడపల మాట చెప్పి ఒప్పించారు. నేను ఆ పిల్లకు ఎడమ ముందుకాలుతోనే నేర్పాను. సార్ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మలుపులో రజిత పరుగు ఎలా ఉండేదో చెప్పడానికి నాకు మాటలు చాలవు. హర్డిల్స్ ఆమెకు అడ్డం వచ్చేవి కావు, ఆమె అడుగుల లెక్కలో అవీ ఒక భాగమై పోయేవి. జిల్లా పోటీల్లో మిగతావాళ్లు ఆఖరి హర్డిల్ దగ్గర ఉండగానే ఆమె గీత దాటింది.

ఆ రోజు గంగారాం మొదటిసారి పరుగు చూడటానికి వచ్చాడు. బిడ్డ గెలిచింది. ఆయన ముఖంలో నవ్వు లేదు. మర్నాడు రజిత గ్రౌండుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

గంగారాం అడిగిన ప్రశ్న

సార్‌ను స్కూటర్ మీద ఎక్కించుకుని ఎడపల్లి వెళ్లాను. గంగారాం కల్లంలో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోస్తున్నాడు. మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మర్యాదకు లోటు లేదు. తర్వాత సార్ వైపు తిరిగాడు.

"సార్, మీరు నాకేమన్నరు? కుడి కాలుతోని కడప దాటుతది అన్నరా, లేదా?"

"అన్న" అన్నారు సార్.

"నేను కండ్లార సూసిన. పదికి పది ఎడమ కాలే. మా ఊరోళ్లందరి ముంగట."

నేను కల్పించుకున్నాను. "గంగారాం అన్నా, అది గడప కాదు. చెక్క ముక్క. దాని వెనక ఇల్లు లేదు, దేవుడు లేడు. ఏ కాలు ముందు పెట్టినా ఒకటే."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. "ఇల్లు లేనప్పుడు మరి కడప అని ఎందుకన్నరు మేడం?"

తాత దగ్గర నేర్చుకున్న వాదనలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అక్కడున్న ముగ్గురిలో తర్కం తప్పని మనిషి గంగారాం ఒక్కడే. కడప అని చెప్పి పిల్లను తీసుకుపోయినవాళ్లం మేము. కడపకు ఉండే మర్యాద ఆయన అడిగాడు. అందులో తప్పేముంది?

"మారుస్త గంగారాం. నా పూచీ" అన్నారు సార్.

అది కుదరదని, పిల్ల దెబ్బతింటుందని నేను గట్టిగానే చెప్పాను. అప్పటిదాకా తలుపు చాటున నిలబడి వింటున్న రజిత బయటకు వచ్చింది. "మార్చుకుంటనక్కా. ఇంట్ల కూసునుడు కంటె గదే నయం" అంది. ఆమె ముందు ఉన్నవి రెండే దారులు. తన కాలు వదులుకోవడం, లేదా గ్రౌండు వదులుకోవడం. పదహారేళ్లు కూడా నిండని పిల్ల ముందు పెద్దవాళ్లం పెట్టిన దారులవి.

తిరిగి వస్తూ దారి పొడుగునా సార్‌తో వాదించాను. ఆయన వెనక కూర్చుని అంతా విన్నారు. నిజామాబాద్ పొలిమేరకు వచ్చాక ఒకే మాట అన్నారు. "కాలు కోసం కొట్లాడితే పిల్లనే పోతది విమలా. పిల్ల ఉంటే కాలు అదే నేర్చుకుంటది. నువ్వు గెలవలేదా కుడి కాలుతోని?"

నా పతకాలన్నీ ఆ పిల్లకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాయి. ఆ తర్వాత వాటిని గోడ మీద ఉంచబుద్ధి కాలేదు.

ఆఖరి మలుపు

ముందుకాలు మార్చడమంటే చొక్కా మార్చడం కాదు. స్టార్టింగ్ బ్లాకుల్లో పాదాల చోటు మారాలి, అడుగుల లెక్క మారాలి, నడుము తిరిగే తీరు మారాలి. "ఎడమ చెయ్యితోని బువ్వ తిన్నట్టున్నదక్కా" అని నవ్వేది రజిత. నవ్వుతూనే నేర్చుకుంది. అంత కష్టపడ్డ పిల్లను నేను మళ్లీ చూడలేదు. కానీ మలుపులో ఆ పాత సాఫీతనం పోయింది. ప్రతి హర్డిల్ ముందు కనిపించీ కనిపించనంత తడబాటు. చూసేవాళ్లకు తెలియదు. నాకు తెలిసేది.

రాష్ట్ర పోటీల ఫైనల్, నిజామాబాద్‌లోనే. మొదటి మలుపు, దాని తర్వాత నేరుగా ఉండే దారి, అన్నీ బాగానే దాటింది. అందరికంటే ముందుంది. ఆఖరి మలుపులోకి వచ్చేసరికి ఒళ్లు అలసిపోయింది. అలసిన శరీరం నేర్చుకున్నది మరిచిపోతుంది, పుట్టుకతో తెచ్చుకున్నదాన్నే వెతుక్కుంటుంది. హర్డిల్ దగ్గరకు వచ్చేసరికి ఎడమ కాలు తనంతట తాను లేచింది. లేచిన కాలును ఆమె మధ్యలో ఆపింది. ఎందుకు ఆపిందో నాకు తెలుసు. ఎడమ మోకాలు చెక్కకు తగిలింది. బరువంతా మెలిపడి కుడి మోకాలి మీద పడింది.

నేను పరిగెత్తి వెళ్లి ఆమె తల పట్టుకున్నాను. నొప్పి అని అనలేదు. రేసు ఎవరు గెలిచారని అడగలేదు.

"ఏ కాలు పెట్టిన అక్కా?" అంది.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఎముకల డాక్టరు మోకాలి లోపలి లిగమెంట్ పూర్తిగా తెగిందని, ఆపరేషన్ చేసినా మళ్లీ ఈ పోటీకి పనికిరాదని చెప్పాడు. వరండాలో గంగారాం గోడకు ఆనుకుని నిలబడి ఏడుస్తున్నాడు. నన్ను చూసి దగ్గరకు వచ్చాడు. "పొద్దుగాల తొందరల ఇంట్ల నుంచి ఎడమ కాలు పెట్టి ఎల్లింది మేడం. వాళ్లమ్మ సూసింది. నేనే ఎనుకకు పిలువలే" అన్నాడు.

ఆ తండ్రితో వాదించే మనసు నాకు లేకపోయింది. కానీ మీతో వాదిస్తాను. బాగా చూడండి. ఎడమ కాలుతో ఆ పిల్ల గెలిచినప్పుడు ఆ గెలుపు లెక్కలోకి రాలేదు. కుడి కాలు నేర్పడం వల్ల పడిపోతే ఆ నేరం మళ్లీ ఎడమ కాలి మీదికే వచ్చింది. ఏం జరిగినా తప్పని తేలని నమ్మకం అది. కళ్ల ముందు మోకాలు విరిగినా దానికి గాయం కాదు. ఇటువంటి దానితో రాజీ పడి మంచి పని చేయించుకుందామనుకున్నారు నర్సింగ్ సార్. పనికి పెట్టుకున్నారు, నిజమే. పొమ్మన్నప్పుడు అది పోలేదు. ఆయన వాదం తప్పని నేను అన్నది ఇందుకే.

సార్ కూడా ఆస్పత్రికి వచ్చారు. రజిత మంచం పక్కన స్టూలు మీద సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆ తర్వాత వారంలో గ్రౌండుకు వచ్చి పిల్లలందరినీ కూర్చోబెట్టారు. ఒక హర్డిల్ మీద చెయ్యి వేసి, "గిది హర్డిల్. కడప కాదు. ఇగ ఎవ్వరు గట్ల అనొద్దు. ఎవ్వరి కాలు వాళ్లే పెట్టుకోండ్రి" అన్నారు. పిల్లలు సరే సార్ అన్నారు. లేచి పరుగు మొదలుపెట్టగానే ఎవరో, "ఏయ్, నాలుగో కడప వంకరున్నది రా" అని అరిచారు. సార్ విన్నారు. మెల్లగా గేటు వైపు నడిచారు. ఆ మాట పుట్టించింది ఆయనే. దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కూడా కాలేదు.

తర్వాత గ్రౌండుకు రావడం తగ్గించారు. ఆయన చనిపోయేముందు ఒకసారి చూడటానికి వెళితే పరుగు గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. రజితకు పెళ్లయిందా అని మాత్రం అడిగారు. లేదన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఇప్పుడు

రజిత బోధన్‌లో ఒక పిల్లల హాస్టల్లో పనిచేస్తోంది. మోకాలు పూర్తిగా వంగదు, కింద కూర్చోలేదు. గ్రౌండు ఉన్న దారిలో వెళ్లదు. ఇది రాస్తానని చెప్పడానికి వెళ్లాను. పేరు మార్చాలా అని అడిగాను.

"ఎందుకక్కా మార్చుడు? నా పేరే రాయి" అంది. బియ్యం చాటలో వేసి రాళ్లు ఏరుతూనే మళ్లీ అంది. "పడ్డదే రాయకు. మంచిగ ఉరికిన అని సుత రాయి."

రాస్తున్నాను. రజిత చాలా మంచిగా ఉరికింది. ఈ జిల్లాలో ఆ మలుపును అంత అందంగా తిరిగినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు, నేనూ తిరగలేదు.

ఈ మధ్య పోటీలు చూడటానికి వెళ్లాను. ఒక కుర్ర కోచ్ ఫోన్‌లో పిల్లల పరుగు వీడియో తీసి, అడుగు అడుగూ ఆపి చూపిస్తున్నాడు. చదువుకున్నవాడు, పని తెలిసినవాడు. అతని మొదటి హర్డిల్‌కు నిమ్మకాయ కట్టి ఉంది. వరసలో ఒక పాప ఎడమ కాలు ఎత్తితే ఈల ఊది వెనక్కి పంపాడు. ఎందుకని అడిగాను.

"మీకు తెల్వనిదేముంది మేడం, గిక్కడ సెంటిమెంటు. పేరెంట్స్ తోని మనకెందుకు లొల్లి?" అన్నాడు.

ఆ లొల్లే మన ఉద్యోగం. స్టాప్‌వాచ్ ఎవరైనా నొక్కుతారు, వీడియో ఎవరైనా తీస్తారు. పిల్ల శరీరానికీ, పెద్దల భయానికీ మధ్య నిలబడే మనిషి కావాలనే ప్రభుత్వం మిమ్మల్ని అక్కడ పెట్టింది. మొదటి రోజు అబద్ధం చెప్పి తెచ్చుకున్న పిల్లను ఆఖరి రోజు నిజం చెప్పి కాపాడుకోలేరు. నిజం చెబితే కొందరు పిల్లలు రారు, నాకు తెలుసు. ఇంటికి పదిసార్లు తిరగండి. పదకొండోసారి కూడా నిజమే చెప్పండి.

రేపు పొద్దున గ్రౌండుకు వెళ్లగానే ఆ నిమ్మకాయ కోసి పారెయ్యండి. ఎడమ కాలు ముందు వేసే పిల్లలు మీ దగ్గర ఎవరున్నారో చూడండి. వాళ్ల తల్లిదండ్రులను పిలిపించి, ఈ పిల్ల కాలు ఇదే, దీన్ని నేను మార్చను అని వాళ్ల ముఖం మీద చెప్పండి. అంత ధైర్యం లేకపోతే మెడలో ఈల తీసి బల్ల మీద పెట్టి, ఆ ఉద్యోగం వదిలి వెళ్లండి.